కింద నట్టు పట్టే మనిషి

కోదాడలో నాగేందర్ ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ ఇంటి నంబరు చెప్పరు. నీలం పట్టా కప్పిన మొసలి ఉంటుంది చూడండి, దాని పక్క ఇల్లు అంటారు. ఆ మొసలి మరేమీ కాదు, మొక్కజొన్న కోయడానికి హార్వెస్టర్ ముందు తగిలించే హెడ్డు. వరసగా రేకు మూతులు చాచుకుని నాలుగేళ్లుగా ఆ ఖాళీ జాగాలో పడుకుని ఉంది. దాన్ని తగిలించుకోవాల్సిన హార్వెస్టర్ మాత్రం అక్కడ లేదు. అది పాలకీడులో, నాగేందర్ వాళ్ల అన్న పర్వతాలు ఇంటి ముందుంది. అన్న ఆ మిషన్‌తో వరి మాత్రమే కోస్తాడు. తమ్ముడు ఈ హెడ్డుతో ఏమీ కోయడు.

కోయకపోయినా ఆదివారం వచ్చిందంటే చాలు, నాగేందర్ పట్టా లేపుతాడు. గొలుసులకు నూనె పోస్తాడు, లోపల కాపురం పెట్టిన ఎలుకల్ని తరుముతాడు, రోలర్లను చేత్తో ఒక చుట్టు తిప్పి వదులుతాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి, ఈ వారం ఎన్ని ఎకరాలు కోశావని అడుగుతారు. అతనూ నవ్వి, వాన పడింది కాబట్టి పని ఆపామంటాడు. పాత ఇనుము కొనేవాళ్లు ఆ ఇంటి ముందు కాస్త గట్టిగా అరిచి మరీ పోతారు. దీన్ని పిచ్చి అనడానికి నోరు రాని చుట్టాలు ప్రేమ అంటారు. ప్రేమ అనడానికి సిగ్గుపడి నాగేందర్ మెయింటెనెన్స్ అంటాడు.

పర్వతాలు అతనికంటే పదేళ్లు పెద్ద. తల్లి పోయేనాటికి నాగేందర్‌కు ఇంకా ఊహ తెలియదు. తల దువ్వింది అన్నే, బడికి తోలింది అన్నే, బడి ఎగ్గొట్టి కాలువలో ఈతకు పోతే వీపు చిట్లగొట్టిందీ అన్నే. పెద్దయ్యాక ఇద్దరూ కలిసి పంజాబు నుంచి వచ్చిన పాత హార్వెస్టర్ ఒకటి కొన్నారు. అది పర్వతాలు పట్టుదల. తర్వాత కొన్నాళ్లకు, మన దిక్కు కూడా మక్కజొన్న పెరుగుతోంది, వరి ఒక్కటే నమ్ముకుంటే ఎట్లా అని నాగేందర్ వెంటపడి ఈ హెడ్డు కొనిపించాడు. అట్లా మిషన్ అన్నది, హెడ్డు తమ్ముడిది అని ఇంట్లో నవ్వులాటగా అనుకునేవాళ్లు. ఆ నవ్వులాట ఒకనాడు నిజమవుతుందని అప్పుడెవరు అనుకున్నారు.

ఈ హెడ్డు పనితనమంతా కింద ఉంటుంది. ఒక్కో వరసకూ రెండు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతుంటాయి. వాటి పొడుగునా కత్తులు బిగించి ఉంటాయి. దంటు ఆ రెండింటి మధ్యకు రాగానే కత్తులు పట్టుకుని కిందికి లాగేస్తాయి. కంకి పైన పలకల మీద ఆగి, తెగి, లోపలికి పోతుంది. కత్తులు అరిగాయంటే దంటును లాగలేవు. అది రోలర్లకు చుట్టుకుని మొత్తం బిగుసుకుపోతుంది. అందుకే సీజన్ ముందు కత్తులు మార్చాలి, మార్చడానికి ఇద్దరు మనుషులు కావాలి. పైన బోల్టు తిప్పేవాడొకడు, కింద వెల్లకిలా పడుకుని నట్టు కదలకుండా పట్టేవాడొకడు. పైన ఎప్పుడూ పర్వతాలు, కింద ఎప్పుడూ నాగేందర్. పట్టినవా అని పైనుంచి, పట్టిన అని కిందనుంచి. పొద్దంతా అదే మాట, అయినా ఇద్దరికీ విసుగు పుట్టేది కాదు.

ఒకరి మొఖం ఒకరికి కనపడదు కాబట్టి, ఎదురుపడి అనలేని మాటలన్నీ ఆ ఇనుము అడ్డం పెట్టుకుని అనుకునేవాళ్లు. కోదాడ పిల్ల సంతోషి తనకు నచ్చిందని నాగేందర్ చెప్పింది ఆ హెడ్డు కింద పడుకునే. పర్వతాలు మరో మూడు బోల్టులు బిగించి, అప్పుడు నింపాదిగా, కోదాడలో ఎవరి పిల్ల అని అడిగాడు. పెళ్లయిన నెలకు మళ్లీ కత్తులు మార్చాల్సి వచ్చింది. ఎదురెదురు కత్తుల మధ్య సందు ఎంత ఉండాలో చూడటానికి ఏదైనా పలచటి రేకు కోసం వెతుకుతూ పర్వతాలు చొక్కా జేబులో చెయ్యి పెడితే, పంచగా మిగిలిన తమ్ముడి పెళ్లికార్డు తగిలింది. మడత పెట్టి సందులో దూర్చి చూశాడు. ఇరుగ్గా, సరిగ్గా పట్టింది. ఆనాటి నుంచి అదే కొలత. పసుపు అంచులకు గ్రీజు అంటి నల్లబడినా ఆ కార్డు పానాల డబ్బాలోనే ఉండేది. పంపకాల్లో ఆ డబ్బా మిషన్‌తోపాటు అన్న దగ్గరే ఉండిపోయింది.

పంపకాల దాకా వచ్చింది కూడా కత్తుల వల్లే. ఆ ఏడు కత్తులు తెచ్చింది నాగేందర్. మెరుస్తున్నాయి కదా, చవగ్గా వస్తున్నాయి కదా అని ఏదో పేరు లేని సరుకు పట్టుకొచ్చాడు. పర్వతాలు చూశాడు కానీ ఏమీ అనలేదు, తమ్ముడి మాట మీద నమ్మకం. సగం సీజన్ కూడా కాకముందే అవి అరిగి నున్నబడ్డాయి. పాలకీడు పక్కన ఒక రైతు చేలో దంట్లు చుట్టుకుని హెడ్డు ఆగిపోయింది. నాగేందర్ దిగి, ఇంజన్ నడుస్తుండగానే వంగి రోలర్ల మధ్య చెయ్యి పెట్టి ఒక దంటు పీకబోయాడు. పర్వతాలు సీటు మీదనుంచి చూశాడు. ఇంజన్ ఆపి, దిగి వచ్చి, రైతు ముందు, కూలీల ముందు, కంకులు ఏరుకోవడానికి వచ్చిన ఆడవాళ్ల ముందు తమ్ముడి చెంప పగలగొట్టాడు. నాగేందర్‌కు అప్పుడు ముప్ఫై ఎనిమిదేళ్లు. ఇద్దరు పిల్లల తండ్రి. దెబ్బకంటే చుట్టూ పరుచుకున్న నిశ్శబ్దం ఎక్కువ కాల్చింది. ఆ సాయంత్రమే వేరు పడతానన్నాడు.

ఊళ్లో పంపకాలకు ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు ముందు ఏరుకోవాలి. వేసేవాడికి ఏది దక్కుతుందో తెలియదు కాబట్టి సమానంగా వేస్తాడని. పర్వతాలు పెద్దమనుషుల మధ్య చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. చివరికి, ఒక వాటా హార్వెస్టర్, రెండో వాటా హెడ్డూ కోదాడలో కొన్న ఇంటి జాగా అన్నాడు. పెద్దమనుషులు మొఖాలు చూసుకున్నారు. ఎడ్లు ఒకరికీ బండి ఒకరికీ వేసినట్టుందేమయ్యా అని ఒకాయన అన్నాడు కూడా. పర్వతాలు తమ్ముడి వైపే చూస్తూ కూర్చున్నాడు. నాగేందర్‌కు మిషన్ తీసుకోవాలనే ఉంది. కానీ మిషన్ లేని అన్నను ఊహించుకుంటే, వీధి అరుగు మీద ఊరికే కూర్చున్న ముసలివాడొకడు కనపడ్డాడు. హెడ్డు నాకు అన్నాడు. అడిగినవాళ్లకు మాత్రం కోదాడ జాగా మీద కన్నేసి తీసుకున్నానని చెప్పుకున్నాడు. కోపం మీద ఉన్నవాడికి మంచివాడనిపించుకోవడం నామోషీ.

ఇప్పుడతను సిమెంటు లారీ డ్రైవర్. మఠంపల్లి ఫ్యాక్టరీలో లోడు ఎత్తి మిర్యాలగూడలో దించుతాడు. నేరేడుచర్ల దగ్గర పాలకీడు దారి చీలే చోట లారీ దానంతటదే నెమ్మదిస్తుంది. క్లీనర్ కొత్తగా వచ్చినప్పుడు గేరు పాడైందనుకున్నాడు. నాగేందర్ ఆ దారిలోకి ఒక చూపు పారేసి మళ్లీ వేగం అందుకుంటాడు. ఇంట్లో సంతోషీ, పర్వతాలు భార్య లచ్చమ్మా ఫోన్లో వారానికోసారి మాట్లాడుకుంటారు. ఆ ఇంట్లో ఆయన, ఈ ఇంట్లో ఇతను ఏమీ పట్టనట్టు చెవులు మాత్రం అటే పెట్టి కూర్చుంటారని ఆడవాళ్లిద్దరికీ తెలుసు. అందుకే కాస్త గట్టిగానే మాట్లాడుకుంటారు.

పోయిన వానాకాలం కోతలప్పుడు రోడ్డు పక్క పొలంలోనే ఆ మిషన్ కనపడింది. ఇంజన్ చప్పుడుకే గుండె గుర్తుపట్టింది. సీటు మీద తెల్ల రుమాలు చుట్టుకున్న మనిషి. నాగేందర్ లారీ పక్కకు తీసి ఆపి, దిగి, టైర్లు చూస్తున్నట్టు వంగాడు. టైర్లకేమీ కాలేదు. అదే సమయానికి పొలంలో మిషన్ కూడా ఆగింది. సీటు మీద మనిషి దిగలేదు, ఇటు తిరిగి ఊరికే కూర్చున్నాడు. అన్న ఒక్క కేక వేస్తే గట్టు దాటి పరుగెత్తేవాడు. అన్న కూడా, వాడు ఒక్క అడుగు ఇటు వేస్తే బాగుండు అనుకున్నాడేమో. కాసేపటికి మిషన్ కదిలింది, లారీ కదిలింది. ఆ రోజు నాగేందర్ అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోతే, ఏమైందని సంతోషి అడిగింది. దుమ్ము అన్నాడు.

ఇట్లా ఉండగా ఖమ్మం వైపు నుంచి వీరేందర్ అనే ఆయన వచ్చాడు. కొత్త హార్వెస్టర్ కొన్నాడు, దానికి మొక్కజొన్న హెడ్డు కావాలి. ఇన్నాళ్లు పడున్నా ఇంత శుభ్రంగా ఉన్న సరుకు ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నాడు. ఒక్క కత్తులే అరిగిపోయి ఉన్నాయి, కొత్తవి వేయించి ఇస్తే వచ్చే ఆదివారం తీసుకుపోతానన్నాడు. సంతోషికి ఈ బేరం నచ్చింది. ఆమె తప్పేమీ లేదు. ఆ జాగాలో రెండు గదులు వేసుకోవచ్చు, పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, ఆదివారం పూట మొగుడు ఇనుముతో కాకుండా తమతో గడుపుతాడు. నాగేందర్ సరేనన్నాడు. అన్నేళ్లు పట్టుకున్నది ఒక్క మాటతో వదిలేశానేమిటని అతనికే ఆశ్చర్యమేసింది. లోడు దించి మిర్యాలగూడలో కత్తులు తెస్తానని చెప్పి పోయాడు.

మిర్యాలగూడలో హార్వెస్టర్ సామాను అమ్మే స్టీఫెన్ ఈ అన్నదమ్ములిద్దరికీ పాత పరిచయం. అతను రెండు రకాల కత్తులు తీసి కౌంటర్ మీద కాగితం పరిచి పెట్టాడు. ఒకటి పదును పెట్టినది, కోసే కత్తి. దంటును లాగుతూనే ముక్కలు ముక్కలు చేసి పడేస్తుంది. వీరేందర్ కొత్త మిషన్ వేగానికి అదే సరి. రెండోది అంచు మొద్దుగా ఉన్నది, లాగే కత్తి. దంటును నలిపి కిందికి గుంజుతుంది తప్ప తెగనీయదు. నెమ్మదిగా నడిచే పాత మిషన్లకు అదే కావాలి. కోసే కత్తి వేస్తే ఎండిన దంట్లు మధ్యలోనే తెగి లోపలికి పోయి మిషన్ కడుపు నింపేస్తాయి. పైగా లాగే కత్తులు నడిచిన చేలో చొప్ప నిలువునా మిగులుతుంది, బర్రెలున్నవాళ్లు మోపులు కట్టుకుపోతారు. పాలకీడులో లచ్చమ్మ వదిన బర్రెలు ఆ చొప్ప తినే పెరిగాయి.

స్టీఫెన్ ఏ మిషన్‌కని అడగలేదు. వీరేందర్ ముందే ఫోన్ చేసి కోసే కత్తులు ఇవ్వమని చెప్పాడట. సెట్టు లెక్కపెట్టి గోనె సంచిలో కట్టి ఇచ్చాడు. నాగేందర్ సంచి భుజానికెత్తుకుని షాపు మెట్లు దిగాడు. లారీ తలుపు తీసి కాలు పైకి పెట్టాడు. సంచిలో కత్తులు ఒకదానికొకటి తగిలి మోగాయి. ఆ కత్తులు బిగించిన హెడ్డును ఇక అన్న మిషన్‌కు తగిలించలేరు. ఆ సంగతి షాపులోనూ తెలుసు, ఇంటి దగ్గర తల ఊపినప్పుడూ తెలుసు. కానీ ఆ మోత చెవిన పడ్డాక ఒంట్లోకి దిగింది. కాలు దించి వెనక్కి వచ్చాడు.

"స్టీఫెన్, ఇవి వద్దు. గుంజేటియి ఇయ్యి. మంచి కంపెనీవి ఇయ్యి."

"వీరేందరన్న మిషన్‌కు అవి పనికిరావన్నా."

"ఆయన మిషన్‌కు గాదు. మా అన్న మిషన్‌కు."

మా అన్న అనే మాట నాలుగేళ్లలో ఎవరి ముందూ పైకి అనలేదు. స్టీఫెన్ అతని మొఖం ఒకసారి చూసి, మరేమీ అడగకుండా సంచి విప్పాడు.

ఇంటికి వచ్చి వీరేందర్‌కు ఫోన్ చేసి బేరం వద్దన్నాడు. ఆయన చెడామడా తిట్టి పెట్టేశాడు. సంతోషి సంచి తెరిచి ఒక కత్తి తీసి చూసింది. ఆమెకు ఈ రకాల తేడా తెలియదు, మొగుడి వాలకం మాత్రం తెలుసు. మర్నాడు ఆదివారం నాగేందర్ పట్టా లాగేసి, పాత కత్తులు విప్పేందుకు అలవాటు కొద్దీ హెడ్డు కిందికే దూరాడు. నట్టుకు పానా పెట్టి పట్టుకున్నాడు. పైన తిప్పే మనిషి లేడు. బయటికి వచ్చి పైనుంచి తిప్పితే కింద నట్టు కూడా వెంట తిరిగింది. నట్టు పానాను తాడుతో కట్టి చూశాడు, ఇటుక అడ్డం పెట్టి చూశాడు. ఎండ ఎక్కింది కానీ ఒక్క బోల్టు ఊడి రాలేదు. కిందనుంచే సంతోషిని పిలిచి, పైన కొంచెం పానా తిప్పమన్నాడు.

ఆమె వచ్చి, చీర కుచ్చిళ్లు దోపుకుని హెడ్డు పక్కన గొంతుక్కూచుంది. మొగుడి కాళ్లు మాత్రమే కనపడుతున్నాయి.

"నేను తిప్పనయ్యా," అంది. "తిప్పేటాయన ఉన్నాడుగా, పిలువు. నీకు కావాల్సింది ఆయనే. కత్తులు తెచ్చింది అందుకేగా. ఇంకెన్నాళ్లు ఆ లారీ ఆపి టైర్లు చూస్తవ్?"

టైర్ల సంగతి ఆమెకెట్లా తెలుసో నాగేందర్‌కు అంతుబట్టలేదు. అటునుంచి లచ్చమ్మ చెప్పి ఉండాలి. అంటే ఆ పూట అన్న కూడా ఇంటికి పోయి ఏదో ఒకటి అని ఉండాలి. ఆ ఆలోచన రాగానే ఇక ఆగలేకపోయాడు. కింద పడుకునే, జేబులోంచి ఫోన్ తీశాడు. లేచి కూర్చుని చేయడం అతనివల్ల అయ్యేది కాదు.

"అన్నా." అన్నాడు, అటు ఫోన్ ఎత్తగానే. "కత్తులు తెచ్చిన. కింద నేను పట్టుకొనున్న. పైన తిప్పేటోళ్లు లేరు."

అటునుంచి ఒక దగ్గు, తర్వాత ఊఁ అనే శబ్దం వినపడ్డాయి. ఫోన్ ఆగిపోయింది. ఆ ఊఁకు అర్థమేమిటో తెలియక నాగేందర్ చీకటి పడేదాకా నలిగిపోయాడు. మర్నాడు లారీకి పోనని కబురు పెట్టాడు, ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

పొద్దు ఇంకా వీధిలోకి రాకముందే పర్వతాలు వచ్చాడు. నడుచుకుంటూ, భుజం మీద పానాల డబ్బాతో. మనిషి చిక్కాడు, గడ్డం సగానికి పైగా నెరిసింది. ఒళ్లంతా దుమ్ము కొట్టుకుని ఉంది. బస్సు దిగి వస్తున్నాడనుకున్నాడు నాగేందర్. ఎదురుపోవాలని ఉన్నా గడపలోనే నిలబడ్డాడు. రా బావా అని సంతోషి నీళ్లచెంబు ఇచ్చింది. తాగి, మూతి తుడుచుకుని, తమ్ముడి వైపు చూడకుండానే నేరుగా గోనెసంచి దగ్గరికి పోయాడు. ఒక కత్తి తీసి అంచు మీద బొటనవేలు నడిపించాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపించి, మళ్లీ వెనక్కి నడిపించాడు. అంచు మొద్దుగా ఉంది. ఆ కత్తిని నెమ్మదిగా కింద పెట్టాడు.

"కిందికి పో," అన్నాడు.

నాగేందర్ దూరాడు. పట్టినవా అని పైనుంచి, పట్టిన అని కిందనుంచి. తుప్పు పట్టిన మొదటి బోల్టు కీచుమని వదిలింది. వరస తర్వాత వరస సాగింది. కొత్త కత్తి ఎక్కించే ముందు రోలర్ల సందులో ఇరుక్కున్న పాత దంటు ముక్క ఒకటి కనపడితే, నాగేందర్ తీసేద్దామని అందులో చెయ్యి పెట్టాడు. పైనుంచి అన్న చెయ్యి గభాలున దిగి అతని మణికట్టు పట్టేసింది.

"చెయ్యి తియ్యి."

అక్కడ ఇంజన్ లేదు, ఏదీ తిరగదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా ఆ పట్టు వదల్లేదు. కిందివాడు చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"ఆ దినం నీ చెయ్యి పోయిందనే అనుకున్న తమ్మీ," అన్నాడు పైవాడు. "అందుకే కొట్టిన."

"ఎరికే అన్నా."

"పంచిననాడు గిట్ల విడగొడితే నువ్వు పంచుడే వద్దంటవనుకున్న. నువ్వేమో ఏరుకుంటివి."

"మిషన్ నేను తీస్కుంటే నువ్వేం కోస్తవని హెడ్డు తీస్కున్న."

ఇద్దరు తెలివైనవాళ్లు పెద్దమనుషుల సాక్షిగా చేసిన తెలివితక్కువ పని అట్లా బయటపడింది. నాలుగు సీజన్ల మొక్కజొన్న ఎవరి మిషన్లకిందో పడి పోయింది, నాలుగేళ్ల పండగలు పోయాయి. ఎవరిని అనాలో ఇద్దరికీ తెలియలేదు. పర్వతాలు చెయ్యి వదిలి పానా అందుకున్నాడు.

కత్తులన్నీ ఎక్కాక పర్వతాలు డబ్బా మూత తీసి ఆ కార్డు బయటికి తీశాడు. మడతల దగ్గర చినిగితే ఎవరో టేపు అంటించారు. గ్రీజు మరకల మధ్య చిరంజీవి నాగేందర్, పక్కన సంతోషి అనే అక్షరాలు ఇంకా చదవడానికి వస్తున్నాయి. సంతోషి దగ్గర తన పెళ్లికార్డు ఒక్కటీ మిగల్లేదు. ఇన్నాళ్లూ అది బావ పానాల డబ్బాలో ఉందని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. పర్వతాలు ఒక్కో జత కత్తుల మధ్యా ఆ కార్డు దూర్చి చూశాడు. చివరి జతలోనూ ఇరుగ్గా, సరిగ్గా పట్టింది. కార్డు మడిచి ఈసారి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"బైపాస్ కాడ పెట్రోల్ బంకుల మిషన్ పెట్టొచ్చిన. ఈ గల్లీల పడతదా?"

"మిషన్ తెచ్చినవా? మరి ఇంటిదాక ఎందుకు తేలేదన్నా?"

"ఏ కత్తులు తెచ్చినవో సూసినంక తేవాలనుకున్న. కోసేటియి అయితే డబ్బా ఎత్తుకొని అట్లనే ఎల్లిపోదుననుకున్న."

పాలకీడు నుంచి కోదాడ దాకా ఆ పాత మిషన్ మీద రాత్రి ఎప్పుడు బయల్దేరాడో, దారంతా ఏమనుకుంటూ వచ్చాడో. నాగేందర్ బయటికి రాలేదు. వెల్లకిలా పడుకుని, చేతిలో పానా గుండెల మీద పెట్టుకుని, కళ్లలోంచి చెవుల్లోకి కారుతున్న నీళ్లను తుడుచుకోకుండా అట్లాగే ఉన్నాడు. పర్వతాలుకు తమ్ముడి కాళ్లు మాత్రమే కనపడుతున్నాయి. పని అయిపోయిందని, లేవమని అనలేదు. పక్కనే చతికిలబడి, చాలాసేపు కూర్చుని, పానాతో ఇనుము మీద మెల్లగా ఒకసారి తట్టాడు.

"పట్టినవా?"

బిగించడానికి ఒక్క నట్టు కూడా మిగల్లేదు.

"పట్టిన," అన్నాడు నాగేందర్.